జనం చూస్తూ నిలబడ్డారెందుకు?

ప్రశ్న: మా వీధి మలుపులో ఒక పెద్దాయన స్కూటరు మీంచి పడిపోయారు. జనం మూగారు గానీ చాలాసేపు ఒక్కరూ చెయ్యి అందించలేదు. మనుషులు ఇంత రాతిగుండెలైపోయారా మేడమ్?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అలా అనుకోకమ్మా. గుంపులో మనసు పనిచేసే తీరు వేరు. అమెరికాలో బిబ్ లటానే, జాన్ డార్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1968లో ప్రచురించిన ప్రయోగం గురించి నా విద్యార్థులకు ఏటా చెబుతాను. గదిలో కూర్చుని ప్రశ్నపత్రం నింపుతున్నవాళ్ల మీదికి గోడలోంచి పొగ వదిలారు. ఒంటరిగా ఉన్నవాళ్లలో 75 శాతం మంది వెళ్లి చెప్పారు. పక్కన ఇద్దరు ఏమీ పట్టనట్టు కూర్చుంటే (వాళ్లు పరిశోధకుల మనుషులే) పదిమందిలో ఒక్కరే చెప్పారు. మిగతావాళ్లు దగ్గుతూ, కళ్లు నులుముకుంటూ, పొగను చేత్తో తోలుకుంటూ రాస్తూనే ఉన్నారు! తర్వాత అడిగితే ఆవిరి అనుకున్నామనీ, ఏసీలోంచి వచ్చిందేమో అనుకున్నామనీ అన్నారు.

ఎదుటివాడి మొహంలో కంగారు లేకపోతే ప్రమాదమేం లేదనుకుంటాం. అతనూ మన మొహం చూసి అదే అనుకుంటాడు. పైగా ‘ఎవరో ఒకరు ఫోన్ చేసే ఉంటారులే’ అనే ధీమా.

అందుకే ఇంకోసారి ఇలాంటిది కంటపడితే అందర్నీ కలిపి కేకెయ్యకండి. ఒక్కరిని చూపించి, ‘నీలం చొక్కా తమ్ముడూ, నువ్వు 108కి ఫోన్ చెయ్యి’ అనండి. కేసుల్లో ఇరుక్కుంటామని ఎవరైనా వెనకాడితే, మంచి మనసుతో సాయం చేసినవాళ్లకు మోటారు వాహనాల చట్టంలోని 134ఎ సెక్షన్ రక్షణ ఉందని చెప్పండి.