వరదలో పోయిన హాజరు, 68 శాతం: డిటెయిన్ చేస్తారా?

హాజరు 68 శాతమే ఉంది, డిటెయిన్ చేస్తారా, అంటే సెమిస్టర్ పరీక్షలు రాయనివ్వకుండా ఆపేస్తారా అని అడిగావు కదా. గోదావరి వరదకి కనకాయలంక కాజ్‌వే మునిగి కాలేజీకి వెళ్లలేకపోయిన రోజులన్నీ రిజిస్టర్‌లో మామూలు ఆబ్సెంట్‌గా పడ్డాయి తమ్ముడూ. నీ 68 శాతానికి కారణం అదే. కాగితం పెట్టేదాకా కాలేజీకి ఆ తేడా తెలియదు.

కాకినాడ జేఎన్‌టీయూ రూల్ ప్రకారం అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే కాలేజీ అకడమిక్ కమిటీ కండోనేషన్ ఇవ్వొచ్చు, అంటే తగిన కారణం చూసి ఆ తక్కువ హాజరుని మన్నించొచ్చు. 65 కిందకి జారితే ఇవ్వరు. అంటే నువ్వింకా గట్టు మీదే ఉన్నావు.

1. ముందు లెక్క వేసుకో. 300 పీరియడ్లలో 204కి వెళ్లి, ఇంకా 100 మిగిలి ఉన్నాయనుకో. అన్నిటికీ వెళ్తే 304 బై 400, అంటే 76 శాతం. కండోనేషన్ అవసరమే రాదు. ల్యాబ్‌లు మాత్రం మానకు, ఒక్కటి పోతే రెండు మూడు పీరియడ్లు పోయినట్టే.

2. వరద వల్ల రాలేకపోయానని కాలేజీకి లెటర్ ఇవాళే రాయి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. షార్టేజ్ లిస్టు నోటీసు బోర్డులో పడ్డాక పరిగెడతారు, అప్పటికి టైం ఉండదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా రాలేదో రాయి. కాజ్‌వే మునిగిందని మీ వీఆర్వో దగ్గర రాయించుకుని జత చెయ్యి. రెండిట్లో తేదీలు ఒకటే ఉండాలి, బాగా చూసుకో. హెచ్‌వోడీ సంతకం పెట్టించి, ఆఫీసులో ఇచ్చాక నీ కాపీ మీద ముద్ర వేయించుకో.

3. కండోనేషన్ దాకా వెళ్తే ఫీజు కట్టి రసీదు దాచుకో.

ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి కూడా 75 శాతం చూస్తారు. దాని సంగతి ఆఫీసులో విడిగా అడుగు.