మా ఇంటి నుంచి ఆఫీసుకి ఒక రాత్రి ప్రయాణం

ప్రశ్న: 2020లో లాక్‌డౌన్ పెట్టగానే హైదరాబాద్‌లో అద్దిల్లు ఖాళీ చేసి భీమవరం వచ్చేశాం. నా భార్య ఇక్కడే ఒక స్కూల్లో చేరింది. అమ్మకు వారానికి రెండుసార్లు డయాలసిస్. ఇప్పుడు కంపెనీ వారానికి మూడు రోజులు గచ్చిబౌలి ఆఫీసుకు రావాల్సిందే అంటోంది. ఇంటి నుంచి పని ఎప్పటికీ ఉంటుందని పాత మేనేజర్ చెప్పాడు. రిజైన్ చేసేయమంటారా?
- పేరు రాయొద్దు, భీమవరం

జవాబు: ఇప్పుడే వద్దు. ఇంకో ఆఫర్ లెటర్ చేతికి రాకుండా కోపంలో రిజైన్ చేస్తే నష్టం మీకే. ముందు మీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి, పని చేసే చోటు ఏ ఊరని రాశారో చూడండి. హైదరాబాద్ అని ఉంటే మాత్రం పాత మేనేజర్ మాట నీటి మీద రాతే. ఆయన అబద్ధం చెప్పాడని కాదు, ఆ రోజుల్లో పెద్ద పెద్దవాళ్లే అలా అనుకున్నారు. 2025 నాటికి ఏ సమయంలో చూసినా తమ ఉద్యోగుల్లో 25 శాతం మంది ఆఫీసులో ఉంటే చాలని 2020లో ప్రకటించిన టీసీఎస్సే, 2023 అక్టోబర్ నుంచి వారానికి ఐదు రోజులూ రమ్మంది.

ఇంట్లో కూర్చుంటే పని సాగదని మీ కంపెనీ అంటే దానికి జవాబుంది. చైనాలో ట్రిప్.కామ్ అనే కంపెనీ 1,600 మందికి పైగా ఉద్యోగుల మీద ఒక ప్రయోగం చేసింది, కొందరికి వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పని ఇచ్చి, మిగతావాళ్లను రోజూ ఆఫీసుకు రమ్మంది. ఫలితాలు 2024లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చాయి: పనితీరు తగ్గలేదు, ప్రమోషన్లూ తగ్గలేదు, ఉద్యోగం మానేసేవాళ్లు మాత్రం మూడో వంతు తగ్గారు. కానీ ఒక్క నిమిషం ఆగండి, మూడు రోజులు ఆఫీసు, రెండు రోజులు ఇల్లు అంటే మీ కంపెనీ అడుగుతున్నదీ ఆ లెక్కే కదా! కాబట్టి ఆ వాదనతో మీరు గెలవరు. మీ అసలు సమస్య దూరం. దాని గురించే మాట్లాడండి.

వారానికి మూడంటే నెలకు పన్నెండు రోజులు. ఆ పన్నెండూ రెండు విడతలుగా వస్తాను, మిగతా రోజులు ఇంటి నుంచి చేస్తాను అని అడగండి. ఇదేం వింత కోరిక కాదు, ఇన్ఫోసిస్ 2025 మార్చి నుంచి లెక్కను వారానికి కాకుండా నెలకు పది రోజులని పెట్టుకుంది. అమ్మగారి ఆసుపత్రి కాగితాలు జతచేసి, ఆరు నెలల గడువు మీరే చెప్పి, హెచ్ఆర్‌కు మెయిల్ రాయండి. ఫోన్లో వద్దు, ఒక మాట నమ్మి ఇప్పటికే ఇంత దూరం వచ్చారు! ఒప్పుకుంటే నరసాపురం-లింగంపల్లి రాత్రి బండి భీమవరంలో ఆగుతుంది, లింగంపల్లి నుంచి గచ్చిబౌలి దగ్గరే. పీజీ హాస్టల్లో పదిహేను రోజులకు బెడ్ ఎంత తీసుకుంటారో, మీరు లేని రోజుల్లో డయాలసిస్‌కు ఎవరు తీసుకెళ్తారో ఈ వారమే తేల్చుకోండి. రెండోది తేలకపోతే అప్పుడు వేరే ఉద్యోగం వెతకండి, అదీ ఈ ఉద్యోగంలో ఉండగానే.

ప్రశ్న: బేగంపేటలో ఒక ట్రావెల్స్ ఆఫీసులో టికెట్లు బుక్ చేస్తాను. ‘గవర్నమెంటే పది గంటలు చేసింది’ అని మా సారు ఆరు రోజులూ పొద్దున పది నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా కూర్చోబెడుతున్నారు. లంచ్‌కి అరగంట. ఓటీ (ఓవర్‌టైమ్) లేదు.
- ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: మీ సారు జీవో సగమే చదివారమ్మా. 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం రోజుకు పది గంటల వరకు అనుమతించిన మాట నిజమే, అదే జీవోలో వారానికి 48 గంటలు దాటకూడదని కూడా ఉంది. మీది 60 గంటలు. పైన చేసే 12 గంటలకు ఓటీ ఇవ్వాలి, అదీ మామూలు రేటుకు రెట్టింపు. మూడు నెలల్లో ఓటీ 144 గంటలు మించకూడదు, మీ లెక్కన పదమూడు వారాలకు 156 అవుతుంది, అంటే డబ్బిచ్చినా తప్పే. ఈ రోజు నుంచే వచ్చిన టైము, వెళ్లిన టైము డైరీలో రాసుకోండి. ఒక నెల రాశాక జీవో కాపీతో సారును మర్యాదగా అడగండి, వినకపోతే కార్మిక శాఖ ఆఫీసు ఉండనే ఉంది.

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. నేనిక్కడ వాడి దగ్గరే ఉంటున్నాను. రాత్రి పదిన్నరకు కూడా ఆఫీసు ఫోన్లే, అన్నం తిననివ్వరు. మెల్‌బోర్న్‌లో ఉన్న అమ్మాయి అక్కడ దీనికి చట్టం ఉందంటోంది. మనకు లేదా?
- ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: అమ్మాయి చెప్పింది నిజమేనండీ. ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి ఉంది, ఫ్రాన్స్‌లో 2017 నుంచే. అయితే ఆస్ట్రేలియా చట్టం బాస్‌ను మెసేజ్ పెట్టొద్దనదు, డ్యూటీ అయ్యాక జవాబివ్వకపోయినా, అలా నిరాకరించడం అసమంజసం కానంతవరకు, తప్పు లేదంటుంది, అంతే. మన దగ్గర ఎంపీ సుప్రియా సూలే ఇలాంటి బిల్లును లోక్‌సభలో ఒకటికి రెండుసార్లు పెట్టారు, అది ప్రైవేటు మెంబరు బిల్లు, అంటే ప్రభుత్వం కాకుండా ఎంపీ సొంతంగా పెట్టేది, చట్టం కాలేదు.

అసలు ఆ ఫోన్లు ఎక్కడివో అబ్బాయిని అడగండి. అమెరికా క్లయింట్ అయితే మన రాత్రి పదిన్నర వాళ్లకు పట్టపగలు, ఆ కాల్స్ తప్పవు. అప్పుడు పొద్దున లాగిన్ ఆలస్యంగా పెట్టమని అడగాలి, లేదా షిఫ్ట్ అలవెన్స్ అడగాలి. ఈ ఊరి మేనేజరే చేస్తున్నాడంటే అది వేరే కథ, మరీ అర్జెంటు కానివాటికి పొద్దున జవాబివ్వడం మొదలుపెట్టమనండి. అన్నం చల్లారిపోతోందని మీరు ఫోన్ లాక్కోవడం మాత్రం వద్దు, అవతల పదిమంది వింటుంటారు, మ్యూట్‌లో ఉందో లేదో మనకేం తెలుసు?