దిగుబడి అంకె ఎక్కడమ్మా?

అమ్మా,

నువ్వు పంపిన నీ పరిశోధన పేపరు అబ్‌స్ట్రాక్ట్ (సారాంశం) రెండుసార్లు చదివాను. ఇంగ్లీషు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇది చెప్పు: జిప్సం (కాల్షియం ఉన్న ఖనిజం) వేస్తే వేరుశనగ దిగుబడి ఎంత పెరిగింది? రెండు ఖరీఫ్‌లు చేలో నిలబడి తూకం వేసిన ఆ అంకె 230 మాటల్లో ఎక్కడా లేదు. "ది రిజల్ట్స్ ఆర్ డిస్కస్డ్" అని ముగించేశావు. చర్చించామంటే చాలదు, ఏం తేలిందో చెప్పాలి. చాలా జర్నళ్లలో పూర్తి పేపరు డబ్బు కడితేగానీ తెరుచుకోదు, అబ్‌స్ట్రాక్ట్ మాత్రం అందరికీ కనిపిస్తుంది. దాన్ని చూసే పేపరు తెరవాలో వద్దో తేల్చుకుంటారు.

రాయడానికి ముందు ఆ జర్నల్ ఎన్ని మాటలకు ఒప్పుకుంటుందో చూడు. "సైన్స్" జర్నల్ 125 దాటనివ్వదు, "ప్లాస్ వన్" జర్నల్ 300 దాకా ఇస్తుంది. నీకు 250 ఇచ్చారనుకో: నేపథ్యానికి 40, ఉద్దేశానికి 25, పద్ధతికి 60, ఫలితాలకు 100, ముగింపుకు 25. నీ చిత్తులో నేపథ్యమే 110 తినేసింది. "వేరుశనగ ముఖ్యమైన నూనెగింజల పంట" అన్న వాక్యం కొట్టెయ్. ఆ జర్నల్ చదివేవాళ్లకు అది తెలియనిదా? దాని బదులు, కాయ తనకు కావలసిన కాల్షియంను ఎక్కువగా నేల నుంచి నేరుగా పీల్చుకుంటుందని రాయి. జిప్సం ఎందుకు వేశావో ఆ ఒక్క వాక్యంతో అర్థమవుతుంది.

ఇప్పుడు నీ రెండో వాక్యం. "ది ఎఫెక్ట్ ఆఫ్ డిఫరెంట్ లెవెల్స్ ఆఫ్ జిప్సం ఆన్ గ్రోత్, యీల్డ్ అండ్ క్వాలిటీ ఆఫ్ రెయిన్‌ఫెడ్ గ్రౌండ్‌నట్ ఇన్ రెడ్ సాయిల్స్ వజ్ స్టడీడ్." ఇందులో వ్యాకరణ దోషం లేదు. కానీ క్రియ ఎక్కడుందో చూడు, చిట్టచివర. తెలుగులో క్రియ చివర రావడం సహజం, మన చెవి దానికోసం ఓపిగ్గా ఆగుతుంది. ఇంగ్లీషు పాఠకుడు మొదటి ఏడెనిమిది మాటల్లోనే క్రియను వెతుక్కుంటాడు. "వి టెస్టెడ్ ఫోర్ జిప్సం రేట్స్ ఆన్ రెయిన్‌ఫెడ్ గ్రౌండ్‌నట్ ఇన్ రెడ్ సాయిల్" అను. మాటలు దాదాపు సగానికి తగ్గాయి, పైగా ఎన్ని మోతాదులో కూడా తెలిసింది. "వి" రాయకూడదని మనవాళ్లలో ఒక భయం ఉంది. జర్నల్ నియమాల్లో వద్దని ఉంటే మానెయ్యి, లేకపోతే ధైర్యంగా రాయి.

పద్ధతి దగ్గర వేరుశనగ రకం పేరు, డిజైన్ (మడుల అమరిక), రెప్లికేషన్లు (ఒక్కో మోతాదును ఎన్ని మడుల్లో వేశావో), మోతాదు, సంవత్సరాలు చాలు. కలుపు ఎప్పుడు తీశారో పేపరులో ఉంటుంది.

ఫలితాల దగ్గరే ఎక్కువసేపు కూర్చోవాలి. హెక్టారుకు 500 కిలోల జిప్సం వేసిన మడిలో దిగుబడి ఎంత, అసలు వెయ్యని మడిలో ఎంత, తేడా ఎంత శాతం, ఈ మూడూ ఒకే వాక్యంలో పక్కపక్కన ఉండాలి. "హయ్యెస్ట్ యీల్డ్ వజ్ రికార్డెడ్" అని వదిలేస్తే దేనికంటే ఎక్కువో తెలియదు. "సిగ్నిఫికెంట్" అన్న మాట గణాంక పరీక్షలో తేలితేనే వాడు, "బాగా" అనే అర్థంలో వాడకు. నాలుగు మోతాదులు, నాలుగు అంకెలు, చివర "రెస్పెక్టివ్లీ" (వరుసగా) అంటే చదివేవాడు వేళ్లు పెట్టి జత కలుపుకోవాలి. రెండు జతలు దాటితే అంకెను దాని మోతాదు పక్కనే పెట్టు. మన వ్యవసాయ థీసిస్‌లలో అలవాటైన "ఆన్ పార్ విత్" (దానితో సమానం) బయటి రివ్యూయర్లకు, అంటే పేపరును పరిశీలించే నిపుణులకు, అయోమయంగా ఉంటుంది. "డిడ్ నాట్ డిఫర్ సిగ్నిఫికెంట్లీ ఫ్రమ్" అని రాస్తే గొడవ లేదు. ఖరీఫ్ అన్నచోట వానాకాలం అని ఇంగ్లీషులో విప్పి చెప్పు. లక్ష అని మాటల్లో కాకుండా అంకెల్లో రాయి.

క్రియల కాలం విషయంలో చిక్కేమీ లేదు. చేసిందీ చూసిందీ భూతకాలం, ఎప్పుడూ నిజమయ్యేదీ నీ నిర్ధారణా వర్తమానం. తెలుగులో లేనివి కాబట్టి "ఎ", "ది" మనకు జారిపోతుంటాయి. మొదటిసారి "ఎ ఫీల్డ్ ఎక్స్‌పెరిమెంట్", అదే మళ్లీ వస్తే "ది ఎక్స్‌పెరిమెంట్". నామవాచకాలన్నిటి కింద పెన్సిల్‌తో గీత గీసి ఒక్కొక్కటే సరిచూడు, పావుగంట పని. "ఎక్విప్‌మెంట్స్", "ఇన్ఫర్మేషన్స్" లాంటి బహువచనాలు ఇంగ్లీషులో లేవు.

ముగింపులో "ఫర్దర్ స్టడీస్ ఆర్ నీడెడ్" వద్దు. ఏ నేలలో, ఎంత జిప్సం వెయ్యమంటావో చెప్పు. నీ ప్రయోగం ఎర్రనేలల్లో జరిగింది, నల్లరేగడికి దాన్ని సాగదీయకు.

పేపరంతా పూర్తయ్యాకే దీన్ని తిరగరాయి. టేబుల్‌లో సవరించిన అంకె అబ్‌స్ట్రాక్ట్‌లో పాతదే మిగిలిపోవడం చాలా తరచుగా జరిగే పొరపాటు. అది రివ్యూయర్ కంట పడితే మిగతా అంకెల మీద కూడా నమ్మకం పోతుంది.

ఈసారి పంపేటప్పుడు దిగుబడి టేబుల్ కూడా జత చెయ్యి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువుతాను.

ఆశీస్సులతో.