పాత క్లాసికల్ రికార్డింగుల రీమాస్టర్ డౌన్‌లోడ్లు చవగ్గా దొరుకుతున్నాయి, కొనొచ్చా?

కొనొచ్చండీ, నిక్షేపంగా కొనొచ్చు. నా దగ్గరున్న పాత పాశ్చాత్య క్లాసికల్ రికార్డింగుల్లో చాలావరకు ఇలా డౌన్‌లోడ్ చేసుకున్నవే. కాకపోతే మీరు "కసాల్స్ వాయించిన బాఖ్ చెల్లో సూట్లే (చెల్లో అంటే వయొలిన్ జాతి పెద్ద వాద్యం, సూట్ అంటే కొన్ని చిన్న భాగాల వరుస) ఎనిమిది పది ఆల్బమ్‌లుగా వేరు వేరు రేట్లకు కనబడుతున్నాయి, అన్నిటికంటే చవకది తీసుకుంటే సరిపోతుంది కదా" అని అడిగారు చూడండి, నేను దెబ్బతిన్నది సరిగ్గా అక్కడే.

చెల్లో విద్వాంసుడు పాబ్లో కసాల్స్ ఆ సూట్లను 1936 నుంచి 1939 మధ్య రికార్డు చేశారు. వాయించింది ఒక్కరే. కానీ ఆ 78 ఆర్‌పీఎం లక్క రికార్డుల మీద ముల్లు పెట్టి, వచ్చిన శబ్దాన్ని డిజిటల్‌లోకి ఎక్కించి శుభ్రం చేసినవాళ్లు చాలామంది ఉన్నారు, రీమాస్టర్ అంటే ఇదే. మనం డబ్బులిచ్చేది వాళ్ల పనికి. ఆ పని ఒకరిది ఒకలా, ఇంకొకరిది ఇంకోలా ఉంటుంది, తేడా మామూలుగా ఉండదు.

నేను మొదట కొన్నది వంద పైచిలుకు ట్రాకులున్న ఒక పెద్ద కట్ట. కవర్ మీద "రీమాస్టర్డ్" అని పెద్ద అక్షరాలతో ఉంది, ఎవరు చేశారో, ఏ కాపీ నుంచి తీశారో ఒక్క ముక్క లేదు. మొదటి సూట్ జీ మేజర్‌లో ఉంటుంది, దాని మొదటి భాగమైన ప్రెల్యూడ్‌లో మొట్టమొదటి స్వరమే చెల్లో ఖాళీ జీ తీగ, అంటే వేలు నొక్కకుండా మోగించేది. వింటుంటే ఎందుకో గొంతు పీలగా అనిపించి, కీబోర్డు మీద జీ నొక్కి చూశాను, కలవలేదు. పక్కనున్న నల్లమెట్టు నొక్కితే అతికినట్టు కలిసింది! అంటే మొత్తం సూట్ అర శ్రుతి పైకి వెళ్లిపోయింది. ఆ రోజు నాకు నిజంగా బాధేసింది, ఎందుకంటే అప్పటికి రెండు నెలలుగా అదే వింటూ, కసాల్స్ చెల్లో ఇంత సన్నగా పలికేదా అనుకుంటూ ఉన్నాను.

ఇదెలా జరుగుతుందంటే, 78 అని పేరే గానీ ఆ కాలపు రికార్డులన్నీ కచ్చితంగా నిమిషానికి 78 చుట్ల వేగంతో తయారు కాలేదు, కొన్ని కాస్త నెమ్మదిగా, కొన్ని కాస్త వేగంగా. వేగం 6 శాతం తేడా వస్తే చాలు, శ్రుతి అర మెట్టు జరిగిపోతుంది. మంచి ఇంజినీర్ ప్రతి రికార్డుకీ శ్రుతి సరిచూసుకుని వేగం సర్దుతాడు. కొందరైతే రికార్డింగ్‌లో సన్నగా పడిపోయిన కరెంటు ఝుమ్మనే హోరును పట్టుకుని, అది యూరప్ కరెంటుకు ఉండే 50 హెర్ట్జ్ దగ్గర ఉందో లేదో చూసి సరిచేస్తారు. మీరు కొనకముందే దీన్ని కొంతవరకు పసిగట్టొచ్చు. రెండు వేరు వేరు ఆల్బమ్‌లలో ఒకే ట్రాక్ నిడివి పోల్చి చూడండి, 5 నిమిషాల ట్రాక్‌లో 17 సెకన్ల దాకా తేడా ఉంటే అర శ్రుతి తేడా ఉన్నట్టే. మొదట్లో చివర్లో వదిలే ఖాళీ వల్ల నాలుగైదు సెకన్లు అటూ ఇటూ అవుతాయి, దానికి కంగారు పడక్కర్లేదు.

రెండోది రొద. లక్క రికార్డు అన్నాక సన్నటి చరచర ఉంటుంది, దాన్ని పూర్తిగా తుడిచేసిన రీమాస్టర్ అయితే నేను కొనను. ఆ చరచర ఉన్న పౌనఃపున్యాల్లోనే వయొలిన్ మెరుపూ, హాల్లోని గాలీ ఉంటాయి, ఒకటి తీసేస్తే రెండోదీ పోతుంది. అలాంటివి వింటే నీళ్లలో మునిగి వాయిస్తున్నట్టు ఉంటుంది, పైగా ఆ లోటు కనబడకుండా కొందరు కృత్రిమంగా ప్రతిధ్వని కలుపుతారు. శాంపిల్ వినేటప్పుడు గట్టిగా వాయించే చోట వినకండి, అక్కడ అన్నీ బాగానే ఉంటాయి. స్వరం ఆగిపోయి నిశ్శబ్దంలో కలిసే చోట వినండి. స్వరంతో పాటే రొద కూడా టక్కున ఆగి, మళ్లీ స్వరం రాగానే మొదలవుతుంటే దాన్ని వదిలేయండి. నా దగ్గరున్న మంచి కాపీలో కసాల్స్ ఎడమచేతి వేళ్లు తీగల మీద పడే చప్పుడు టప్ టప్‌మని వినిపిస్తుంది, చవక కట్టలో అది అసలు లేనే లేదు.

ఇంకొకటి, 12 అంగుళాల రికార్డు ఒక వైపున నాలుగైదు నిమిషాలకు మించి పట్టేది కాదు. అంటే 40 నిమిషాల సింఫనీ తొమ్మిది పది ముక్కలుగా ఉండేది. ఆ అతుకులు వినబడకుండా కలపడం పెద్ద పని. శాంపిల్ కాస్త పొడవుగా ఉంటే నాలుగో నిమిషం దగ్గర్లో చెవి పెట్టండి, రొద రంగు ఒక్కసారిగా మారిందంటే అతుకు సరిగ్గా వేయలేదన్నమాట.

ఇవన్నీ ప్రతిసారీ పరీక్షించే ఓపిక ఉండదు కాబట్టి నేనిప్పుడు ముందు ఇంజినీర్ పేరు చూస్తాను. మార్క్ ఓబర్ట్-థార్న్, వార్డ్ మార్స్టన్ పేర్లుంటే పెద్దగా ఆలోచించను. నాక్సోస్ కంపెనీ వాళ్ల హిస్టారికల్ వరుసలో ఇద్దరి పనీ ఉంది, కసాల్స్ సూట్లు మార్స్టన్ చేసినవి, పియానో విద్వాంసుడు ఆర్టుర్ ష్నాబెల్ 1932–35లో రికార్డు చేసిన బీథోవెన్ 32 సొనాటాలు ఓబర్ట్-థార్న్ చేసినవి. ప్రిస్టీన్ క్లాసికల్ అనే కంపెనీలో ఆండ్రూ రోజ్ చేసినవి కూడా బాగుంటాయి, అక్కడ మోనోతో (ఒకే చానెల్ శబ్దం) పాటు ఆంబియంట్ స్టీరియో అని, చుట్టూ హాలు ఉన్నట్టు అనిపించే ఇంకో రకం ఇస్తారు, నా చెవికి మోనోనే హాయి.

ఫార్మాట్ గురించి టెన్షన్ వద్దు. 16 బిట్ ఫ్లాక్ (నాణ్యత తగ్గకుండా కుదించిన ఫైలు) తీసుకోండి, అది లేకపోతే 320 కేబీపీఎస్ ఎంపీత్రీ చాలు. 78ల నాటి రికార్డింగ్‌కి 24 బిట్ అని ఎక్కువ తీసుకుంటుంటే ఆ డబ్బుతో ఇంకో ఆల్బమ్ కొనుక్కోండి, ఆ రికార్డుల్లో ఉన్నదంతా 16 బిట్‌లోనే సుఖంగా పట్టేస్తుంది.

ఇంత చవగ్గా ఎలా ఇస్తున్నారు, దొంగ సరుకా అని కూడా అడిగారు. కాదు. యూరప్‌లో 1963కి ముందు విడుదలైన రికార్డింగుల హక్కుల గడువు తీరిపోయింది, అక్కడ ఎవరైనా చట్టబద్ధంగా అమ్ముకోవచ్చు. అమెరికాలో లెక్క వేరు, 1923కి ముందువి కూడా 2022లోనే స్వేచ్ఛ అయ్యాయి, అందుకే కొన్ని ఆల్బమ్‌లు ఒక దేశంలో కనిపించి ఇంకో దేశంలో కనిపించవు.

మొదట ఒక్కటే కొనాలనుకుంటే, కసాల్స్ ఎలాగూ మీ మనసులో ఉన్నారు కాబట్టి అదే కొనండి, దాని తర్వాత కండక్టర్ బ్రూనో వాల్టర్ వియన్నా ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో చేసిన మాలర్ తొమ్మిదో సింఫనీ వినండి. 1938 జనవరి 16న కచేరీలోనే రికార్డు చేసింది, నాజీలు ఆస్ట్రియాలోకి రావడానికి రెండు నెలల ముందు. జనం దగ్గులు వినిపిస్తాయి. రెండు మూడు చోట్ల శాంపిళ్లు పెట్టుకుని ఆ దగ్గులు ఎక్కడ హాల్లో కూర్చున్న మనుషులవిగా వినిపిస్తాయో ఆ కాపీ కొనండి.