తొమ్మిది ఫిర్యాదులు, ఒక సంతకం

ప్రశ్న: జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయుడిగా చేరి, ప్రధానోపాధ్యాయుడిగా 2024 జూన్‌లో పదవీ విరమణ చేశాను. పిల్లలిద్దరూ బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. కృష్ణా డెల్టాలోని మా సొంత ఊళ్లో నాన్నగారి ఇల్లు బాగు చేయించుకుని, భార్యతో వచ్చి ఏడాదిన్నర అయింది. ప్రశాంతంగా ఉంటుందనుకున్నాను, లేదు. టీ కొట్టు దగ్గర నేను కూర్చోగానే మాటలు ఆగిపోతాయి. మా రెండెకరాలు పదకొండేళ్లుగా కౌలుకు చేస్తున్న చిన్ననాటి స్నేహితుడు జూన్ నుంచి నాతో మాట్లాడటం లేదు. కౌలు కార్డు కాగితం మీద సంతకం పెట్టలేదని కోపం. నా గ్రాట్యుటీలో రెండు లక్షలు తీసుకున్న మా పెదనాన్నగారి మనవడు నన్ను చూస్తే బండి పక్క సందులోకి తిప్పుతున్నాడు. ఇంట్లో నా మాటకు విలువ లేదు. నా భార్యకు 58 ఏళ్లు. సాయంత్రమైతే గుడి దగ్గర కోలాటం నేర్చుకోవడానికి వెళుతుంది. ఈ వయసులో ఇదేమిటని అడిగితే జవాబు చెప్పదు. రాత్రి రెండింటి దాకా నిద్ర పట్టదు. జీవితం అయిపోయిందనిపిస్తోంది.
– ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, నమస్కారం. మీ ఉత్తరం చాలా పెద్దది. పైన వేసింది అందులో నాలుగో వంతు కూడా కాదు. ఫిర్యాదులకు ఒకటి నుంచి తొమ్మిది వరకు అంకెలు వేసి, చివర ఎర్ర సిరాతో అడ్డగీత గీశారు. మీరు వేసిన వరుసలో మాత్రం నేను జవాబు చెప్పలేను. తెల్లవారుజామున గుడి మైకు, కరెంటు కోతలు, పక్కింటి కోళ్లు మీ పెరట్లోకి రావడం, ఈ మూడింటికీ నా దగ్గర మందు లేదు. ధనుర్మాసం వెళ్లాక మైకు కాస్త తగ్గవచ్చు. కోళ్లు తగ్గవు.

మిగిలిన వాటిలో రెండు ఫిర్యాదులు మీరు పక్కపక్కనే రాసి కూడా కలిపి చూసుకోలేదు. లెక్కల మాస్టారు కదా, నాకు ఆశ్చర్యం వేసింది. పదకొండేళ్లలో ఒక్క బస్తా తక్కువ కొలవని మనిషికి మీరు సంతకం ఇవ్వలేదు. డబ్బు విషయంలో ఎన్నడూ పరీక్షకు నిలవని కుర్రవాడి దగ్గర సంతకం తీసుకోకుండా రెండు లక్షలు ఇచ్చారు. ఒకడు రక్తసంబంధీకుడు, ఇంకొకడు కౌలుదారు. అంతకు మించి కారణమేదీ మీ ఉత్తరంలో నాకు కనిపించలేదు.

మీ స్నేహితుడి సంగతి ముందు చూద్దాం. కౌలు కాగితం మీద సంతకం పెడితే పొలం చేజారుతుందనే భయం మీ ఒక్కరిదే కాదు. 1956 నాటి కౌలుదారీ చట్టం రోజుల నుంచి కోస్తా పల్లెల్లో ఆ భయం తండ్రి నుంచి కొడుక్కి పొలంతో పాటే సంక్రమిస్తోంది. అయితే మీ ముందుకు వచ్చిన కాగితం వేరు. అది 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డుకు సంబంధించినది. దాని గడువు పదకొండు నెలలు. హక్కు పంట మీదే, భూమి మీద కాదు. పంట రుణానికి, బీమాకు, తుపాను కొట్టినప్పుడు వచ్చే పెట్టుబడి రాయితీకి అది అతడికి ఆధారం. అది లేని కౌలురైతు సాధారణంగా ఎరువుల కొట్లో అప్పు పెడతాడు, లేదా బయట వడ్డీకి తెస్తాడు. 2025 అక్టోబరు చివర మొంథా తుపానుకు మీ పొలంలో వరి పడిపోయిందని ఏడో అంకె కింద ఒక వాక్యం రాశారు. పడిపోయింది అతడు పెట్టుబడి పెట్టిన వరి, మాస్టారూ. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కూడా అతడు కౌలు తగ్గించమని అడగలేదని మీరే రాశారు. అలాంటి మనిషి జీవితంలో మిమ్మల్ని అడిగింది ఒక్క సంతకం.

అతడి కోపం కాగితం గురించి కాదని నా అనుమానం. ఆరో తరగతి నుంచి ఒకే బల్ల మీద కూర్చున్నవాడు తనను దొంగలా చూశాడన్న బాధ అది. దానికి పెద్దమనుషుల మధ్యవర్తిత్వం అక్కరలేదు. ఈ వారమే పొలానికి వెళ్లండి. వరి కోశారు కనుక ఇప్పుడు చేలో మినుము ఉంటుంది, ఉదయం పూట అతడు అక్కడే ఉంటాడు. చట్టాలు, సెక్షన్లు చెప్పకండి. "భయపడ్డానురా, తప్పయింది" అనండి, చాలు. కొత్త సీజనులో అతడు మళ్లీ అడిగే దాకా ఆగకుండా మీరే అతడిని వెంటబెట్టుకుని గ్రామ సచివాలయానికి వెళ్లండి.

మీ పెదనాన్నగారి మనవడితో మాత్రం ఇంత మెత్తదనం పనికిరాదు. నిరుడు దసరాకు ఇచ్చానన్నారు. అప్పు వసూలుకు కోర్టుకు వెళ్లే గడువు మామూలుగా మూడేళ్లు, కాబట్టి కంగారు అక్కరలేదు. అలాగని నిద్రపోయే వ్యవధి కూడా కాదు. బ్యాంకు ఖాతా నుంచి పంపారు కనుక ఆ కాగితం తీసి దాచండి. వాళ్ల ఇంటికి వెళ్లి, అతడి తల్లిదండ్రుల ఎదుటే, రెవెన్యూ స్టాంపు అంటించిన ప్రామిసరీ నోటు రాయించుకోండి. ఒక్కసారి ఇవ్వలేకపోతే పంట పంటకు కొంత ఇమ్మనండి, ఇచ్చినప్పుడల్లా నోటు వెనక తేదీ వేసి అతడి చేతే చెల్లు రాయించండి. ఊళ్లో అందరికీ చెప్పి పరువు తీస్తానన్నారు, ఆ పని చేయకండి. బండి సందులోకి తిప్పుతున్నాడంటే సిగ్గు ఇంకా మిగిలి ఉందన్నమాట. అది పోగొడితే డబ్బూ పోతుంది.

ఇక మీ ఇల్లు. నేను ఎక్కువసేపు ఆగింది ఇక్కడే. ఉత్తరంలో మీ భార్య నాలుగు చోట్ల కనిపించారు. కాఫీ ఆలస్యంగా ఇచ్చారు, డబ్బాల మీద చీటీలు పీకేశారు, కోలాటానికి వెళ్లారు, జవాబు చెప్పలేదు. నవ్వొచ్చిందంటే ఏమీ అనుకోకండి. కందిపప్పు, మినప్పప్పు, ఆవాలు అని గుండ్రటి అక్షరాలతో రాసి మీరు అంటించిన చీటీలు మరునాటికి చెత్తబుట్టలో ఉన్నాయి కదా, దాన్ని మీరు అవమానం కింద లెక్కవేశారు. కరెంటు పోయి చీకట్లో చెయ్యి చాపినా పోపుల పెట్టెలో ఆవాల గిన్నె తగిలే మనిషికి మీరు ఆవాలు ఎక్కడున్నాయో రాసిపెట్టారు! మా నాన్నగారు ఉద్యోగం మానిన ఏడాది నీళ్ల గదిలో బకెట్ల స్థానం మూడుసార్లు మార్చారు. నాలుగోసారి మా అమ్మ బకెట్లన్నీ ఆయన మంచం పక్కన తెచ్చి పెట్టింది.

మీరు బడికి వెళ్లిన 36 ఏళ్లూ ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు వరకు ఆ ఇల్లు ఆవిడది. ఆ వేళల్లో పడుకున్నారో, చదువుకున్నారో, పక్కింటి వాళ్లతో గుమ్మంలో కూర్చున్నారో మీకు తెలియదు. మీ పదవీ విరమణతో ఆవిడ కోల్పోయింది ఆ ఎనిమిది గంటలు. ఇప్పుడు రోజుకు ఐదు కాఫీలు, మధ్యాహ్నం వేడి అన్నం, మధ్యమధ్య పర్యవేక్షణ. విరమణ మీకు వచ్చింది, ఆవిడకు పని పెరిగింది.

ఇంకో మాట. సొంత ఊరికి వచ్చామని పదేపదే రాశారు. సొంత ఊరు మీకు. ఆవిడకు అది అత్తగారి ఊరు. కొత్త కోడలిగా అందరి కళ్ల ముందు తలవంచుకుని తిరిగిన ఊరు. ఇరవై ఏళ్లుగా కలిసి కూరగాయలు కొనుక్కున్న స్నేహితురాళ్లను పట్నంలో వదిలి ఆవిడ అక్కడికి వచ్చారు. రావడం ఇష్టమేనా అని అడిగినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఊళ్లో ఆవిడ మాస్టారి భార్య, ఫలానా వారి కోడలు. ఆ కోలాటం వరుసలో మాత్రమే బహుశా పేరుపెట్టి పిలుస్తున్నారు. మీ మోకాళ్లు నొప్పులని రాశారు, ఆవిడ రోజూ గంటసేపు కర్రలు పట్టుకుని అడుగులు వేస్తున్నారు. మీ తొమ్మిది ఫిర్యాదుల్లో నాకు సంతోషం కలిగించింది ఇదొక్కటే.

రోజూ ఉదయం మొదటి కాఫీ మీరు పెట్టండి. డికాక్షన్ పాడవుతుంది, పాడవనివ్వండి. తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఇంట్లో ఉండకండి. ఎక్కడికి వెళ్లాలంటారా? టీ కొట్టు వద్దు, కనీసం ఇప్పట్లో వద్దు. ప్రధానోపాధ్యాయుడు గదిలోకి రాగానే మాటలు ఆగడం మీకు అలవాటైన మర్యాదే, ఇన్నేళ్లుగా మీరు గమనించలేదంతే. ఎవరో సెంట్ల లెక్కలో పొరబడితే కూర్చోబెట్టి క్షేత్రఫలం సూత్రం చెప్పానని రాశారు. టీ చల్లారిపోయి ఉంటుంది, పాపం.

కానీ ఉత్తరం అంచున, అంకె వేయకుండా, పెన్సిలుతో ఒక సంగతి రాశారు. ఒక రాత్రి పక్క వీధి రైతు తూకం చీటీ పట్టుకుని వచ్చాడని, మిల్లులో తేమ 17 శాతం దాటిందని తరుగు తీస్తే లెక్క సరిపోక మిమ్మల్ని చూడమన్నాడని. క్వింటాలుకు 2,369 రూపాయలు, బస్తా 75 కిలోలు, అంటే బస్తాకు 1,776 రూపాయల 75 పైసలని లెక్కకట్టి, నాలుగు బస్తాల డబ్బు తేడా ఉందని మీరు కాగితం మీద చూపించారు. అతడు మర్నాడు అడిగి తెచ్చుకున్నాడు కూడా. దాన్ని మీరు ఫిర్యాదుల మధ్య చోటు లేక అంచున రాశారు. ఆ వాక్యం నేను రెండుసార్లు చదివాను. అతడు మీ దగ్గరకు వచ్చి అడిగాడు, మీరు వెళ్లి చెప్పలేదు. తేడా అదొక్కటే. మీ వీధి అరుగు మీద ఒక కుర్చీ, ఒక బల్ల వేసుకుని ఉదయం కూర్చోండి. బోర్డు పెట్టకండి, ట్యూషన్ అనకండి. తూకం చీటీలు, బ్యాంకు కాగితాలు, పదో తరగతి పిల్లల లెక్కలు వాటంతట అవే వస్తాయి. మొదటి నెల ఎవరూ రాకపోతే పేపరు చదువుకోండి.

పిల్లలు ఫోనులో "తిన్నారా" తప్ప ఏమీ అడగరన్నారు. మీరు వాళ్లను ఏమడుగుతారో రాయలేదు.

నిద్ర గురించి. మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి నాలుగు దాకా పడుకుంటున్నారు, ఆరింటికి కాఫీ తాగుతున్నారు. రాత్రి రెండింటి దాకా మెలకువ రాక ఏమవుతుంది? పగటి నిద్ర అరగంటకు కుదించి, సాయంత్రం కాఫీ మానేసి మూడు వారాలు చూడండి. అయితే జీవితం అయిపోయిందన్న మాటను మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. రెండు వారాలకు మించి రోజంతా దిగులుగా ఉన్నా, తిండి మీద, మనుషుల మీద ఇష్టం పోయినా, చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా డాక్టరును కలవండి, ఆలస్యం చేయకండి. టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. పనిలో పనిగా సుగరు, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించుకోండి.

ముక్కోటి ఏకాదశికి గుడి ముందు ఆవిడ బృందం ఆడుతుందని, నలుగురిలో తల ఎత్తుకోలేనని రాశారు. వెళ్లండి. ముందు వరుసలో కుర్చీ వేయించుకోకుండా జనంలో నిలబడి చూడండి. ఇంటికి వచ్చాక మూడో పాటలో అడుగు తప్పిందని మాత్రం ఆవిడతో అనకండి.