షార్క్ పిచ్చి పట్టిన పిల్లలకి ఏ పుస్తకం?

డైనోసార్ల సీజన్ అయిపోయినట్టుంది. ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు షార్కుల మీదే. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మా బాబుకి ఆరున్నరేళ్లు. పొద్దున లేచింది మొదలు షార్కులే. అంత ఇష్టపడుతున్నాడు కదా అని ఇంగ్లీషులో ‘లెవెల్ 2’ అని రాసి ఉన్న షార్క్ పుస్తకం కొన్నాను. రెండు పేజీలు చదివి పక్కన పడేశాడు. పక్కింటి పాపది కూడా వాడి వయసే, లెవెల్ 2 కథల పుస్తకాలు గడగడా చదివేస్తోంది. మావాడు వెనకబడ్డాడా? ఈ షార్కులు మానిపించి కథలు అలవాటు చేయమంటారా?
*ఓ అమ్మ, కూకట్‌పల్లి*

జవాబు: ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండమ్మా. అట్ట మీద ఉండే లెవెల్ నంబరు ఏ విద్యాశాఖో నిర్ణయించింది కాదు, ప్రచురణకర్తలు ఎవరికి వాళ్లు వేసుకున్నదే. ‘స్టెప్ ఇన్‌టు రీడింగ్’ వాళ్లవి 5 మెట్లు. ‘నేషనల్ జియోగ్రాఫిక్ రీడర్స్’లో ప్రీ-రీడర్ అని ఒకటి, దాని తర్వాత 1, 2, 3. వీళ్ల రెండు వాళ్ల మూడుతో సమానం కావచ్చు, కాకపోనూవచ్చు. పైగా కథల పుస్తకం లెవెల్ 2కీ, సైన్సు పుస్తకం లెవెల్ 2కీ పోలికే లేదు. కథలో పిల్లి, బంతి, అమ్మ, పరిగెత్తింది, ఇవే మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి కాబట్టి నాలుగో పేజీకి వచ్చేసరికి పిల్లలకి ఊపు వచ్చేస్తుంది. షార్క్ పుస్తకంలో మొదటి పేజీల్లోనే కార్టిలేజ్, ప్రిడేటర్ (వేటాడే జంతువు), గిల్స్ (మొప్పలు) అన్నీ దిగిపోతాయి. అక్కడ ఏ పిల్లాడైనా ఆగుతాడు.

ఈసారి కొనేముందు షాపులోనే మధ్య పేజీ ఒకటి తీసి చదవమనండి. తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు మడవాలి. అయిదు వేళ్లూ మడిచేస్తే అది ప్రస్తుతానికి మీరు చదివి వినిపించాల్సిన పుస్తకం, రెండు మూడు అయితే సరిగ్గా సరిపోతుంది. టీచర్లు ఎప్పటినుంచో వాడుతున్న పద్ధతే ఇది. కానీ ఇష్టమైన విషయం మీద పుస్తకానికి నేను కాస్త సడలింపు ఇస్తాను. ఒకే కష్టమైన మాట పేజీలో మూడుసార్లు వస్తే దాన్ని ఒకటిగానే లెక్కపెట్టండి, ఎందుకంటే కార్టిలేజ్ అన్న మాట ఒక్కసారి నోటికి పట్టిందంటే పుస్తకం చివరిదాకా దాంతో మళ్లీ పేచీ ఉండదు. అదేంటని వాడడిగితే చెవి డొప్ప వంచి చూసుకోమనండి. దాదాపు అలాంటి పదార్థమే. షార్క్ ఒంట్లో ఎముక అన్నది ఒక్కటీ ఉండదు, అస్థిపంజరం మొత్తం దాంతోనే తయారవుతుంది.

ఇంట్లో ఉన్న పుస్తకం పారేయకండి. సైన్సు పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి వరసగా చదవాలని రూలేం లేదు. విషయసూచిక వాడి చేతికిచ్చి ఏ పేజీకి వెళ్తావో చెప్పమనండి (పళ్ల పేజీకే వెళ్తాడు, రాసిస్తాను). ఫొటోల కింద ఉండే చిన్న వాక్యాలూ, బొమ్మ మీద బాణం గీసి రాసిన పేర్లూ వాడివి, పెద్ద పేరాలు మీవి. అలా నాలుగైదు రాత్రులు అదే పుస్తకం నలిగితే మీ పేరాల్లో కూడా వాడు వేలు పెట్టడం మొదలుపెడతాడు.

షార్కులు మానిపించడం మాత్రం అస్సలు వద్దు. 1988లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకి బేస్‌బాల్ ఆట మీద రాసిన భాగం ఇచ్చి చదివించారు. చదవడంలో వెనకబడినవాళ్లే అయినా, ఆట బాగా తెలిసినవాళ్లు ఆట తెలియని మంచి చదువరుల కంటే ఎక్కువ అర్థం చేసుకున్నారు. మీవాడికి షార్కుల గురించి ఇప్పటికే మీకంటే ఎక్కువ తెలుసు కదా. కథలు కావాలంటే వాటి దారిన అవి వస్తాయి.

ప్రశ్న: సెలవులకి వచ్చిన మా మనవడు బీచ్‌కి తీసుకెళ్తే నీళ్లలో కాలు పెట్టనంటున్నాడు. వాడి సంచిలో ఒక పుస్తకం ఉంది, ప్రతి పేజీలో నోరు తెరుచుకున్న సొరచేపే. ఇలాంటివి పిల్లలకి ఎందుకు అమ్ముతారండీ?
*ఓ తాతయ్య, భీమిలి*

జవాబు: అమ్ముడుపోతాయి కాబట్టి, తాతగారూ! అట్ట మీద రక్తం, పళ్లు ఉంటే పిల్లాడు చెయ్యి పెడతాడని వాళ్లకి తెలుసు. ఫ్లోరిడాలో షార్కు దాడుల లెక్కలు రాసే సంస్థ ఒకటి ఉంది. 2024లో ప్రపంచం మొత్తం మీద, మనిషి కెలకకుండానే షార్క్ కరిచిన ఘటనలు 47, వాటిలో ప్రాణం పోయినవి 4 అని వాళ్లు తేల్చారు. మనుషులు ఏటా చంపుతున్న షార్కులు ఎన్ని అంటే శాస్త్రవేత్తల అంచనాలు 8 కోట్లు, 10 కోట్లు అంటున్నాయి. మంచి పుస్తకం ఈ రెండో అంకె కూడా చెబుతుంది. చెప్పని పుస్తకాన్ని నేను కొనను.

మనవడికి మాత్రం అంకెలు చెప్పకండి, భయం అంకెలతో పోదు. వేల్ షార్క్ గురించి చెప్పండి. భూమ్మీద ఉన్న చేపలన్నిటిలోకీ అదే పెద్దది, 18 మీటర్ల దాకా పెరుగుతుంది, తినేదేమో నీళ్లలో తేలే సూక్ష్మజీవులు, చిన్న చిన్న చేపలు. 2021 డిసెంబరులో మీ విశాఖ పక్కనే తంతడి తీరానికి ఒకటి కొట్టుకొస్తే అటవీశాఖవాళ్లు, మత్స్యకారులు కలిసి దాన్ని మళ్లీ సముద్రంలోకి పంపారు. చట్టం దానికి 2001 నుంచి పులితో సమానంగా రక్షణ ఇస్తోంది, పట్టుకోవడం నేరం. ‘మన ఊరి దగ్గరికి వచ్చింది’ అని మీ నోట వింటే వాడికి ఆ పుస్తకంలో నోళ్లు కాస్త చిన్నవవుతాయి. ఇంకో మాట, మీకు తెలియనిది కాదు గానీ, ఆ తీరంలో భయపడాల్సింది లోపలికి లాగే కెరటాలకి. కాబట్టి వాడు మోకాలి లోతు దాటనంటే దాటించకండి.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. మా పాపకి ఏడేళ్లు, లైబ్రరీలో షార్కుల అర మొత్తం ఇంగ్లీషులో చదివేసింది. తెలుగు ఇప్పుడిప్పుడే కూడబలుక్కుంటోంది. తెలుగులో చిన్నపిల్లల షార్క్ పుస్తకాలు ఏమున్నాయి?
*ఓ నాన్న*

జవాబు: నిజం చెప్పాలంటే చాలా తక్కువ. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి, అక్కడ సముద్రం, చేపలు అని వెతకండి. సికింద్రాబాద్‌లో ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ ఉంది, వాళ్ల జాబితా కూడా చూడండి. అచ్చంగా షార్కుల మీద, అదీ కొత్తగా చదివేవాళ్ల కోసం అంటే మాత్రం మీ చేతులకి పని తప్పదు.

ఎందుకంటే ఇంగ్లీషు పుస్తకాన్ని తెలుగు చేసేస్తే సరిపోదు. ఇంగ్లీషులో మొదటి మెట్టు అంటే చిన్న చిన్న మాటలు. తెలుగులో మొదటి మెట్టు గుణింతాలు. ఒత్తులు తర్వాత వస్తాయి, వాటిలోనూ ముందు పెద్ద, తల్లి లాంటి జంట అక్షరాలు, ఆ పైన మిగతావి. కార్టిలేజ్‌కి పాఠ్యపుస్తకంలో ఉండే ‘మృదులాస్థి’ అన్న మాటని కూడబలుక్కునే పాప ముందు పెడితే పుస్తకం మూసేస్తుంది. ఇలా రాసి చూడండి:

ఇది సొర.
సొరకి ఎముకలు లేవు.
సొర తోక ఊపుతూ ఈదుతుంది.
ఈ సొర చాలా పెద్దది.

మొదటి మూడింటిలో ఒత్తు లేదు, నాలుగో దాంట్లో ఒకటే ఉంది. పది కాగితాలు మడిచి కుట్టి, పేజీకో వాక్యం మీరు రాయండి, బొమ్మలు పాపని గీయమనండి. తనకి విషయం ముందే తెలుసు కాబట్టి తర్వాత ఏ మాట వస్తుందో ఊహించగలదు, కూడబలుక్కునే దశలో ఆ ఊహే సగం పని చేసిపెడుతుంది. ‘మచ్చలు’, ‘పళ్లు’, ‘మొప్పలు’ రెండో పుస్తకానికి దాచుకోండి. వాట్సాప్‌లో నానమ్మకి చదివి వినిపించమంటే మూడో పుస్తకం మీరు అడగక్కర్లేకుండానే తయారవుతుంది.

ప్రశ్న: మాది సముద్రం ఒడ్డు ఊళ్లో ప్రాథమిక పాఠశాల. పిల్లలందరూ మత్స్యకార కుటుంబాలవాళ్లే. ఎవరో దాతలు ఇచ్చిన పాత ఇంగ్లీషు పుస్తకాల్లో షార్కుల మీద కొన్ని ఉన్నాయి. వాటిలో రాసింది ఇప్పటికీ నిజమేనా?
*ఓ టీచర్, శ్రీకాకుళం జిల్లా*

జవాబు: టీచర్ గారూ, ముందు అట్ట తిప్పి ప్రచురించిన సంవత్సరం చూడండి. ఏ పిల్లల సైన్సు పుస్తకానికైనా నేను మొదట చూసేది అదే. షార్కుల విషయంలో గత పది పదిహేనేళ్లలో చాలా మారింది. పాత పుస్తకాల్లో షార్కు జాతులు మూడు వందల యాభై అనో, నాలుగు వందలనో ఉంటుంది. ఇప్పుడు అయిదు వందలు దాటాయి. తెల్ల సొర, అంటే గ్రేట్ వైట్, పాతికేళ్లో ముప్ఫై ఏళ్లో బతుకుతుందని రాసేవాళ్లు. 70 ఏళ్లు కూడా బతకగలదని 2014లో తేలింది. గ్రీన్‌లాండ్ షార్క్ కనీసం 272 ఏళ్లు బతుకుతుందన్న సంగతి 2016 ముందు పుస్తకాల్లో ఉండే అవకాశమే లేదు. ‘షార్కులకి క్యాన్సర్ రాదు’ అని ఉంటే ఆ వాక్యం కొట్టేయండి, వస్తుంది.

అన్నిటికంటే మొండిగా నిలిచిపోయింది ‘ఈత ఆపితే షార్క్ చచ్చిపోతుంది’ అన్నది. కొన్ని జాతులకి అది నిజమే, అన్నిటికీ కాదు. నర్స్ షార్క్ లాంటివి అడుగున పడుకుని నోటితోనే నీళ్లు లోపలికి పీల్చి మొప్పల మీదుగా వదులుతాయి. అంతెందుకు, యూజినీ క్లార్క్ అనే అమెరికా శాస్త్రవేత్త 1970లలో మెక్సికో తీరంలో నీటి అడుగు గుహల్లోకి దిగి, ఎప్పుడూ ఈదుతూ ఉండాల్సిన జాతి అనుకున్న సొరలే అక్కడ కదలకుండా ఉండటం చూసింది. ఆమె 1922లో పుట్టి 2015లో పోయింది, తొంభై దాటాక కూడా సముద్రంలో డైవింగ్ చేసింది. ఆమె జీవితం గురించి ఇంగ్లీషులో పిల్లల పుస్తకాలు ఉన్నాయి, మీ బడికి తెప్పించగలిగితే ఆడపిల్లలకి ముందు ఇవ్వండి.

ఆ తప్పుల పుస్తకాలు బీరువాలో పెట్టి తాళం వేయకండి. మీ పిల్లలకి సొర అంటే ఫొటో కాదు, ఒడ్డున వలలోంచి తీసి చూసినదే, ఇంట్లో బాలింతకి వండిపెట్టినదే. పుస్తకంలో ఉన్నది ఇంటికెళ్లి నాన్నని అడిగి రమ్మనండి. పాల సొర గుడ్లు పెడుతుందా, పిల్లల్ని కంటుందా? పుస్తకం కంటే ముందు వాళ్ల నాన్న చెబుతాడు, కోసి చూసినవాడు కాబట్టి. పిల్లల్నే కంటుంది.

ప్రశ్న: మెగలోడాన్ ఇంకా సముద్రం అడుగున ఉందా? మా ఫ్రెండు ఉందంటున్నాడు.
*8 ఏళ్ల పాఠకుడు, గుంటూరు*

జవాబు: లేదు నాన్నా. ఆ పాతకాలపు రాకాసి షార్క్ ఇంచుమించు 36 లక్షల ఏళ్ల క్రితమే అంతరించిపోయింది. నీ దగ్గరున్న పుస్తకంలో 26 లక్షలు అని ఉంటే అది 2019కి ముందుదన్నమాట, అప్పుడే ఆ లెక్క సరిచేశారు. దాని ఒళ్లంతా మెత్తటి కార్టిలేజ్ కాబట్టి చాలా భాగం మిగల్లేదు, దొరికేవి ఎక్కువగా పళ్లే. పెద్ద పన్ను 17 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, స్కేలు పెట్టి కాగితం మీద గీసి మీ ఫ్రెండుకి చూపించు. ఆ పళ్లని బట్టి మొత్తం ఒళ్లు ఎంత ఉండేదని శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. సముద్రం అడుగు చీకటిగా, చల్లగా ఉంటుంది, తిండీ తక్కువే. దాని తిండేమో పైన తిరిగే తిమింగలాలు. ఇంకా బతికే ఉంటే ఆ తిమింగలాల ఒంటి మీద దాని కాట్లు కనిపించాలి కదా, ఒక్కటీ కనిపించలేదు.