కోటా అన్నవాళ్లకి ర్యాంకు చూపించాలా?

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. ఎస్సీ. గ్రూప్-4 రాసి ఓపెన్ మెరిట్‌లోనే జూనియర్ అసిస్టెంటుగా ఎంపికయ్యాను. చేరి 14 నెలలైంది. మా సెక్షన్‌లో ఒక సీనియర్ గారు, నేను డ్రాఫ్టు పెట్టిన ప్రతిసారీ "మీకేంలే తల్లీ, కోటాలో వచ్చేశారు" అంటారు. నాతోపాటు చేరిన ఎస్టీ అబ్బాయిది పక్క టేబులే. అతనూ వింటాడు, నవ్వేసి ఊరుకుంటాడు. నా ర్యాంకు ఫోన్‌లోనే ఉంది. ఒక్కసారి ఆయనకి చూపించి నోరు మూయించమంటారా?
— ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: వద్దు తల్లీ. మా అమ్మాయి ఈడుదానివి, అందుకే నువ్వు అంటున్నాను.

చూపిస్తే ఆయనేమంటాడో నేను చెప్తాను. "అలాగా! అయితే నువ్వు వేరేలే." ఆ పూటకి నీకు బాగానే ఉంటుంది. పక్క టేబుల్ అబ్బాయి కూడా ఆ మాట వింటాడు. తను "వేరే" కాదని అతనికి అర్థమవుతుంది. నువ్వు గట్టెక్కుతావు, అతను అక్కడే ఉంటాడు.

నేను 7వ పాయింటువాణ్ణి. ఆఫీసు తెలిసినవాళ్లకి ఈ ముక్క చాలు. మిగతావాళ్ల కోసం: ప్రభుత్వ ఉద్యోగాలు 100 పాయింట్ల చక్రంలో వరసగా నింపుతారు, దాన్నే రోస్టరు అంటారు. మా కాలంలో 2 ఎస్సీ, 4 బీసీ-ఎ, 7 మళ్లీ ఎస్సీ, 8 ఎస్టీ, అలా సాగేది. వందలో ఎస్సీలకి 15. 1986లో నేను చేరిన రోజున మా సూపరింటెండెంటు తల ఎత్తకుండానే "వచ్చాడయ్యా రోస్టరు" అన్నాడు. ఆర్నెల్ల పాటు నా పేరు అదే. తర్వాత "మీవాళ్ల రిజిస్టరు మీరే చూసుకోండి" అని ఆ రోస్టర్ రిజిస్టరే తెచ్చి నా బల్ల మీద పడేశాడు. 22 ఏళ్లు రాశాను. వెటకారంగా ఇచ్చిన ఆ పని వల్లే నియామకమైనా ప్రమోషనైనా నా బల్ల దాటి పోయేది కాదు. ఆయనకి ఆ సంగతి తట్టేసరికి రిటైరయ్యాడు పాపం.

కాబట్టి ర్యాంకు సంగతి పక్కన పెట్టి ఒకటి చూసుకో. మీ ఆఫీసు రోస్టర్ రిజిస్టర్లో నీ పేరు ఏ పాయింటు ఎదురుగా ఉంది?

ఓపెన్ అంటే ఓసీల కోటా అనుకునేవాళ్లు ఆఫీసుల్లోనే బోలెడు మంది. ఓపెన్ అంటే అందరిదీ. రిజర్వుడు అభ్యర్థి సొంత మార్కులతో అందులోకి వస్తే, ఆ మనిషిని కోటా లెక్కలో వేయకూడదని 1995లో సభర్వాల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. వయసు సడలింపు వాడుకున్నవాళ్ల విషయంలో మెలికలున్నాయి, నీ వయసుకి ఆ గొడవ లేదు. నీ పేరు ఓపెన్ పాయింటు ఎదురుగానే ఉండాలి. పొరపాటున ఎస్సీ పాయింటులో రాశారనుకో, నీ జీతం రూపాయి తగ్గదు, నీకు తెలియను కూడా తెలియదు. జాబితాలో నీ వెనకున్న ఇంకో ఎస్సీ పిల్లో పిల్లాడో మాత్రం ఇంట్లోనే ఉండిపోతారు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఆ తప్పు నేనే చేశాను. 1998లో 14 పోస్టులకి ఎంపిక జాబితా మా సెక్షన్‌లోనే తయారైంది. ఒకమ్మాయి మెరిట్‌లో 3వ స్థానం. నేను ఫైలు తెరవగానే పైన కుల ధ్రువీకరణ పత్రం కనిపించింది, చెయ్యి దానంతటదే 7వ పాయింటు ఎదురుగా ఆమె పేరు రాసేసింది. ఆ చెయ్యి ఎవరిదనుకున్నావు? "రోస్టరు" అని పిలిపించుకున్నవాడిది. పైన సంతకాలు పెట్టినవాళ్లెవరూ పేజీ చూడలేదు.

ఏడు నెలల తర్వాత ఒక తాపీమేస్త్రి వచ్చాడు. చొక్కా జేబులోంచి పాల కవరు తీశాడు, అందులో నాలుగు మడతలు పెట్టిన మెరిట్ లిస్టు. కొడుకు పేరు కింద బొగ్గుతో గీత. "ఏడో పాయింటు ఎవరికిచ్చారు సార్, ఆ పాప ఓపెన్‌లోకి పోవాల కదా" అన్నాడు. ఎవరు చెప్పారో, ఎన్ని ఆఫీసులు తిరిగి నేర్చుకున్నాడో. నేను రిజిస్టరు తెరిచాను. నా దస్తూరీయే. ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన కారణం రాసి, అధికారి పొట్టి సంతకం పెట్టించాను. అప్పటికే ఓపెన్ పాయింటులో వేరే ఆయన చేరిపోయాడు, తీసేయడానికి లేదు. మేస్త్రి కొడుక్కి తర్వాతి ఖాళీ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. ఏడాదిన్నర సీనియారిటీ పోయింది. చేరాక ఆ కుర్రాడు నాకు రోజూ నమస్కారం పెట్టేవాడు, నాకే తల తిప్పుకోబుద్ధయ్యేది.

నీ నియామక ఉత్తర్వు వెనక జాబితా ఉంటే, ఏ కేటగిరీలో ఎంపికయ్యావో ఆ కాలమ్ చూడు. తర్వాత ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో రిజిస్టరు చూపించమని నోటితో అడుగు. సణిగితే చీటీ రాసివ్వు. అదీ కదలకపోతే సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది. తప్పుంటే దరఖాస్తులో "నా పరువు" అని రాయకు, "నా పేరు పొరపాటున ఎస్సీ పాయింటులో నమోదైంది, సవరించగలరు" అని ఒక్క వాక్యం చాలు.

ఇక మీ సీనియర్. ఈసారి ఆ మాట అన్నప్పుడు "డ్రాఫ్టులో తప్పేముందో ఫైల్లోనే రాయండి సార్, సరిచేసి పెడతాను" అను. నవ్వకుండా అను. తప్పుంటే రాస్తాడు, నీకు పని వస్తుంది. లేకపోతే సంతకం పెట్టి పైకి పంపక చస్తాడా! ఎప్పుడైనా కులం పేరెత్తి పదిమందిలో అవమానించాడో, అది 1989 నాటి అట్రాసిటీ చట్టం దాకా పోయే సంగతి. తేదీ, టైము, ఎదుట ఎవరున్నారో అదే రోజు రాసి పెట్టుకో. ఆ ఎస్టీ అబ్బాయితో కూడా ఒకసారి క్యాంటీన్‌లో కూర్చుని మాట్లాడు. నవ్వేసి ఊరుకునేవాళ్లు ఇంటికెళ్లి నవ్వరు. నేనూ ఆర్నెల్లు నవ్వాను.

ప్రశ్న: మా అబ్బాయికి ఈడబ్ల్యూఎస్‌లో ఇంజనీరింగ్ సీటొచ్చింది. బంధువులకి మెరిట్ సీటని చెప్తున్నాం. తప్పా? వచ్చే ఏడాది అమ్మాయికీ అదే సర్టిఫికెట్ చాలుతుందా?
— గుంటూరు నుంచి ఒక తండ్రి

జవాబు: తప్పేముంది, పరీక్ష రాసే తెచ్చుకున్నాడు. ఏడాదికి 8 లక్షల లోపు కుటుంబ ఆదాయమున్న ఓసీలకి 2019లో వచ్చిన 10 శాతం కోటా అది. "కోటా" అనే మాట మీ ఇంటి గుమ్మం దాకా వచ్చి ఎందుకు ఆగిపోయిందో మాత్రం ఒకసారి బంధువుల్నే అడగండి. పైన ఉత్తరం రాసిన అమ్మాయికి నేను చెప్పలేకపోయిన జవాబు వాళ్ల దగ్గరుండొచ్చు.

సర్టిఫికెట్ ఆ ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది. అమ్మాయి కోసం ఏప్రిల్ మొదలయ్యాక మీసేవలో కొత్తగా పెట్టండి. కౌన్సెలింగ్ తేదీ వచ్చేదాకా ఆగితే క్యూలో అందరూ మీలాంటివాళ్లే ఉంటారు.